కింద చూడకండి, పాలిష్ చెడుతుంది

పాత కారును ముద్దు చేసే పెద్దమనుషుల్లో ఒక్కరైనా దాని కింద దూరి చూశారని ఎప్పుడైనా విన్నారా? విని ఉండరు. దూరితే చొక్కా మాస్తుంది. చొక్కా మాస్తే ఫొటో చెడుతుంది. ఫొటోయే లేకపోతే పాత కారెందుకు, దండగ! అందుకే మన దగ్గర క్లాసిక్ కారంటే బానెట్‌తో మొదలై డిక్కీతో ముగిసే వస్తువు. తలుపుల అంచు నుంచి నేల దాకా ఉన్న జానెడు జాగా ఎవరిదో ఎవరికీ పట్టదు. పట్టించుకోని జాగా కనపడితే కబ్జాకు వచ్చేవాళ్లు ఊరుకుంటారా? ఇక్కడ వచ్చి కూర్చున్నది తుప్పు.

నమ్మకం లేకపోతే సూరత్‌లో వడోద్ దాకా రండి. పాండేసరా, బమ్రోలీల పక్కన, పవర్‌లూమ్‌ల హోరు మధ్య, టాకాలనే గ్రే గుడ్డ తాన్లు మోసే టెంపోలు దారి ఇస్తే రావచ్చు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి నేత పని వెతుక్కుంటూ ఈ నగరానికి చేరిన మనవాళ్లు నిన్న మొన్న వచ్చినవాళ్లు కారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత పాతవాళ్లు. వాళ్లలో మగ్గం మీద మగ్గం పెంచి, నలుగురి చేత ‘సేటు’ అనిపించుకున్నవాడికి ఇప్పుడొక కొత్త ముచ్చట పుట్టింది. కొత్త కారు పక్క గల్లీవాడికీ ఉంది. కిస్తీల మీద ఎవడైనా కొంటాడు. పాతదైతేనే పరువు. పద్మిని కావాలి, లేదా అంబాసిడర్.

ఇదే సేటు మగ్గం దగ్గర ఎలా ఉంటాడో చూడండి. బీము మోసే బ్రాకెట్‌లో బోల్టు కాస్త వదులైతే చాలు, చెవికి తెలిసిపోతుంది. మగ్గం ఆపేస్తాడు. ఎందుకంటే ఆ వదులు గుడ్డలో కనపడుతుంది, గుడ్డలో కనపడితే మార్కెట్‌లో వ్యాపారి టాకా తిప్పి కొడతాడు. కారు వెనక్కి తిప్పి కొట్టేవాడు లేడు కదా. అందుకని నాలుగు ప్రాణాలు మోసే బ్రాకెట్ ఏ గతిలో ఉందో ఆ చెవికి వినపడదు.

ఇంతకీ ఆ బ్రాకెట్ సంగతేమిటో చెప్పుకోవాలి. ఉత్తరపారాలో 2014 మే దాకా తయారైన హిందుస్తాన్ అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్‌పట్టీలు. బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మినికి మూలం ఇటలీ ఫియట్ 1100. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక అవే కమాన్‌పట్టీలు. రెంటికీ లారీకి ఉన్నట్టు విడిగా ఇనప దూలాల చాసీ ఉండదు, బాడీయే చాసీ. పలుచని రేకును మడిచి, పెట్టెల్లా మూసి, పెట్టెకు పెట్టె వెల్డు చేసి బలం రప్పించారు. ఆ పెట్టెకు అతికిన బ్రాకెట్‌లోనే కమాన్‌పట్టీ ముందు కన్ను బోల్టుతో బిగుస్తుంది. వెనక కన్ను షాకిల్‌కు వేలాడుతూ ఊగుతుంది. వెనక చక్రాలు బండిని ముందుకు తోసే బలం ఆ ముందు కన్ను గుండానే బాడీకి అందుతుంది. బ్రేకు తొక్కితే వెనకచక్రాలు గుంజే గుంజుడూ దాని మీదే. ప్రతి గుంత, ప్రతి స్పీడ్ బ్రేకర్, వెనక సీట్లో కూర్చున్న ప్రతి మేనమామ బరువూ రబ్బరు బుష్‌లు దాటి, చిటికెన వేలంత మందం కూడా లేని రేకు మీద పడుతుంది. కారును మోసేది ఇంజను అనుకునేవాళ్లు ఆ రేకుకు ఒక్కసారైనా దండం పెట్టుకోవాలి.

ఆ పెట్టెల అడుగున నీళ్లు దిగిపోవడానికి కన్నాలు ఉంటాయి. వాటిని బురద పూడ్చేస్తుంది. ఇక లోపలికి వెళ్లిన నీళ్లు లోపలే కాపురం పెడతాయి. సముద్రం పక్కనే ఉన్న ఊరు, తాపీ నది ఒడ్డున ఉన్న ఊరు, వాన పడితే ఖాడీలనే వాగులు పొంగే ఊరు. ఆపైన 2006 ఆగస్టు. ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నగరంలో చాలా భాగాన్ని ముంచేసిన ఆ రోజుల్లో ఎన్ని బండ్లు కప్పుల దాకా మునిగాయో! నీళ్లు తీశాక సీట్లు ఎండబెట్టారు, ఇంజను ఆయిలు మార్చారు, పూజ చేయించి రోడ్డెక్కించారు. మూసిన పెట్టెల్లో చేరిన ఒండ్రు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మకానికి వచ్చిన బండి గురించి దళారి ‘అంతా ఒరిజినల్ సేటూ’ అంటే నమ్మండి. లోపలి తాపీ మట్టి కూడా ఒరిజినలే.

తుప్పు మర్యాదస్తుడు కాదు, చెప్పి రాదు. లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. పెయింటు కింద చిన్న బుడగ పైకి లేచిందంటే లోపల విందు ముగిసి విస్తర్లు ఎత్తేశారన్నమాట. ఇంకోవైపు రబ్బరు బుష్ ఎండి, పగిలి, రాలిపోతుంది. తర్వాత ఇనుము ఇనుముతో రాసుకోవడం మొదలవుతుంది. గుండ్రటి బోల్టు కన్నం కోలగా సాగుతుంది. యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది. బండి పీతలా పక్కవాటుగా నడుస్తుంది. గతుకు దాటినప్పుడల్లా వెనక నుంచి టక్ మంటుంది.

సేటుకు ఆ టక్ వినపడదా? వినపడుతుంది. ‘పాత బండి కదా, ఆ మాత్రం మాట్లాడాలి’ అంటాడు. వెనక ఒక పక్క వాలిందని ఎవరైనా అంటే ‘దాని స్టైలే అంత’ అంటాడు. స్టీరింగ్ ఒకవైపు లాగితే రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌ను తిడతాడు. మనిషికి ఇదే టక్ మోకాల్లో వస్తే మాత్రం ఎముకల డాక్టరు దగ్గరికి ఆటోలో పరిగెడతాడు.

ఎట్టకేలకు బండి షెడ్డుకు చేరుతుంది. అక్కడ జరిగే తంతును మనవాళ్లు ‘రెస్టోరేషన్’ అంటారు. నేను మాత్రం శవ సంస్కారం అంటాను, ఎందుకంటే చచ్చినదానికి స్నానం చేయించి, అలంకరించి, ఊరేగించడమే అందులో జరిగేది. ముందు క్రోమ్ బంపర్లు. తర్వాత సీట్లకు తోలు కవర్లు. రంగు విషయంలో సేటూ సేటమ్మా మూడు వారాలు కొట్లాడతారు. పిస్తా గ్రీనా, క్రీమా? చివర్లో మేస్త్రీ నసుగుతాడు: ‘సేటూ, వెనక బ్రాకెట్ కాడ కొంచెం తిన్నది.’ ఆ ‘కొంచెం’లోకి పిడికిలి దూరుతుంది. ‘అయితే మూసెయ్’ అంటాడు సేటు. మూయడం మన జాతీయ విద్య. కన్నంలో పాత పత్రిక కుక్కి, మీద ఫైబర్ గుడ్డ వేసి, లప్పం పూసి, నీళ్ల కాగితంతో నున్నగా రుద్ది, పైన నల్లటి తారు రంగు కొట్టేస్తారు. అయిపోయింది. కమాన్‌పట్టీ ఇప్పుడు నిన్నటి వార్తలకు వేలాడుతోంది. వార్తాపత్రికలు సమాజాన్ని మోస్తాయని విన్నాం గానీ, అంబాసిడర్‌ను కూడా మోస్తాయని ఇక్కడే తెలిసింది.

ఇంకొంచెం బాధ్యత గల షెడ్డుల్లో వెల్డింగ్ కూడా చేస్తారు. తుప్పు రేకు మీదే కొత్త పట్టీ పెట్టి నాలుగు చుక్కలు కొడతారు. తుప్పుకు అతికిన ఇనుము దేనికీ అతకనట్టే. పైగా రెండు రేకుల మధ్య సందులో నీళ్లు చేరి, ఈసారి తుప్పుకు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు దొరుకుతుంది.

సరైన పని ఎలా ఉంటుందో తెలియక కాదు ఈ తంతు. వడోద్ గల్లీల్లో ఆ పని తెలిసిన చేతులు ఉన్నాయి, రోజూ టెంపోల కింద ఉండేది ఆ చేతులే. ముందు బ్యాటరీ తీగ విప్పాలి, పెట్రోలు ట్యాంకు దించి దూరం పెట్టాలి. జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా గట్టి స్టాండ్ల మీద బండిని సమంగా నిలపాలి. తలుపులు సరిగా పడుతున్నాయో లేదో కోయకముందే చూసుకోవాలి. బాడీయే చాసీ కాబట్టి బలమున్న చోటు కోసేస్తే మిగతా బండి కుంగుతుంది, తలుపు మళ్లీ పడదు. కొలతలు రాసుకోవాలి. బోల్టు కన్నం నుంచి ఎదుటి పక్క కన్నానికి ఎంత, ముందు చక్రానికి ఎంత, మూలకు మూల ఎంత. ఆ తర్వాత సుత్తితో కొడుతూ వినాలి. మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు డబ్బుమంటుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవాలి. దిగితే అక్కడికి ఆగకూడదు, తళతళలాడే ఇనుము దొరికేదాకా కోస్తూ పోవాలి. ఇక్కడే సేటు గుండె ఆగుతుంది. అరచేతంత అనుకున్నది మూరెడు అవుతుంది.

అసలు రేకు ఎంత మందమో అంతే మందం రేకును అదే మడతలతో వంచి చేసుకోవాలి. పాత మడత ఊరికే పెట్టింది కాదు, బలం అందులోనే ఉంది. ఒకేసారి గీత లాగినట్టు వెల్డు చేస్తే వేడికి రేకు మెలి తిరుగుతుంది. అందుకని కాస్త ఇక్కడ, కాస్త అక్కడ, చల్లారనిచ్చి మళ్లీ. కోలగా సాగిన కన్నాన్ని పెద్ద బోల్టు వేసి బుకాయించకూడదు. వెల్డుతో నింపి, కొలత ప్రకారం మళ్లీ తొలవాలి, లేదా కొత్త బ్రాకెట్ పెట్టాలి. అతుకుల్లో సీలర్, బయట జింక్ ప్రైమర్, పెట్టె లోపల మైనం పిచికారీ. పూడిన కన్నాలు తెరవాలి. చివరగా ఒక సూక్ష్మం ఉంది, మంచి మేస్త్రీలు కూడా తొందరలో మరిచేది. రబ్బరు బుష్ బోల్టులను బండి గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు పుట్టుకతోనే మెలితిరిగి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. ఇంత పని చేశాక పైకి కనపడేది ఏమిటి? ఏమీ కనపడదు. అదే దాని పాపం. పెయింటుకు పెట్టిన ఖర్చు వాట్సాప్‌లో చూపించుకోవచ్చు. బ్రాకెట్‌కు పెట్టింది చూపించాలంటే చుట్టాలను బురదలో పడుకోబెట్టాలి.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి. 20,000 రూపాయలు కడితే ‘వీఏ’ అనే అక్షరాలతో నంబరు పలక, 10 ఏళ్లకు చెల్లుబాటు, తర్వాత పొడిగింపుకు 5,000. పద్మిని అనే పేరు 1974లో వచ్చింది గనక మొదటి పద్మినులకు ఈ గౌరవం 2024 నుంచి అందుబాటులోకి వచ్చింది. బాగుంది. షరతు ఒకటే: బండి అసలు రూపంలో ఉండాలి, చాసీలో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ మార్పుతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండకూడదు.

ఇప్పుడు బుర్ర పెట్టి ఆలోచించండి. బాడీయే చాసీ అయిన బండిలో, బ్రాకెట్ చుట్టూ తిన్న రేకును కోసి కొత్తది అతికితే అది చాసీలో మార్పా, కాదా? భయస్తుడైన యజమాని మార్పే అనుకుంటాడు. తుప్పు తిని చాసీ సగం మాయమైతే మాత్రం మార్పు కాదు, ఎందుకంటే దాన్ని మనిషి చేయలేదు. లప్పం పెడితే? అది పెయింటు పనిలో జమ. అంటే నిజాయితీగా బాగు చేసినవాడికి గుబులు, పత్రిక కుక్కినవాడికి నిశ్చింత. ఇంత చక్కటి ఏర్పాటు తుప్పుకు స్వయంగా అసెంబ్లీ సీటు ఇచ్చినా జరిగేది కాదు.

మామూలు రిజిస్ట్రేషన్ మీద తిరిగే బండ్ల కథ వేరు. వాటికి వయసు పెరిగేకొద్దీ రుసుము పెరుగుతుంది. 15 ఏళ్లు దాటిన కారుకు పునరుద్ధరణ 600 నుంచి 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 20 దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. రసీదు దళసరి కాగితం మీద ఇస్తే బాగుండు, అవసరానికి బ్రాకెట్ మీద అతికించుకోవచ్చు. పాత బండ్లను తుక్కు చేసే విధానాన్ని 2021 ఆగస్టులో ప్రధాని ప్రకటించింది కూడా గుజరాత్ పెట్టుబడుల సదస్సులోనే. అక్కడా జనం నోట ఎక్కువగా నలిగింది వయసు లెక్కే. బండికి ఎన్నేళ్లన్నది ఏ గుమాస్తా అయినా కుర్చీలో కూర్చుని చెప్పగలడు. రేకు ఎంత మిగిలిందో చెప్పాలంటే కుర్చీ దిగాలి.

ఇంగ్లండులో ఏటేటా జరిగే ఎంవోటీ పరీక్షలో సస్పెన్షన్ బిగిసిన చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు బలమైన భాగాన్ని తుప్పు తినేస్తే బండి తప్పినట్టే. అంటే పరీక్షించేవాడు కింద దూరి, తట్టి చూస్తాడు. వాళ్లూ మహానుభావులేమీ కాదు లెండి. 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన బండ్లకు ఆ పరీక్ష మినహాయించారు, ముసలితనమే ఆరోగ్యం అన్నట్టు. కానీ ఒక్క తెలివైన పని చేశారు. చాసీని గానీ బాడీ పెంకును గానీ పాత నమూనాలోనే కొత్తది వేస్తే దాన్ని పెద్ద మార్పు కింద లెక్కించబోమని కాగితం మీద రాసిపెట్టారు. మరమ్మతుకూ మార్పుకూ మధ్య గీత గీశారు. మన నియమాల్లో ఆ ఒక్క వాక్యం చేర్చడానికి సిరా ఎంత ఖర్చవుతుంది?

కార్ల దగ్గర ఆగిపోతే ఇదంతా సేటుల సరదా అని నవ్వి ఊరుకోవచ్చు. అదే గుజరాత్‌లో మోర్బీ ఉంది. మచ్ఛు నది మీద రాజుల నాటి వేలాడే వంతెనను బాగు చేశామని 2022 అక్టోబర్ 26న, గుజరాతీ కొత్త సంవత్సరం రోజున తెరిచారు. నాలుగు రోజులకు, 30న తెగిపడింది. 135 మంది పోయారు. నడిచే చోట కొత్త అల్యూమినియం పలకలు తళతళలాడుతున్నాయి. వంతెనను మోసే ప్రధాన తాడులో ఉన్న 49 తీగల్లో 22 అంతకుముందే తుప్పు పట్టి తెగి ఉండొచ్చని ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చింది. పాత వేలాడు కడ్డీలకు కొత్తవి వెల్డు చేశారని కూడా రాసింది. దీపావళి సెలవులకు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లకు కనిపించింది పలకలే. 2025 జూలైలో మహిసాగర్ మీద గంభీరా వంతెన కూలితే, అక్కడా నలిగిపోయింది దూలాలు ఆనే చోటే. ఈ రెండు చోట్లా ఎవరూ లప్పం పూయలేదు. పూసే మనస్తత్వం మాత్రం మన షెడ్డులకే పరిమితం కాదు.

మళ్లీ మన సేటు దగ్గరికి. బండి తయారైంది. క్రీమ్ రంగు, కొత్త వీఏ పలక, ముందు బంతిపూల దండ. పెళ్లిళ్ల కాలం వచ్చింది. బామ్మర్ది కొడుకు పెళ్లికి వరుడిని అందులోనే ఎక్కించాలన్నారు. వీఏ పలక వచ్చాక రోజువారీ తిరుగుడూ కిరాయికి ఇవ్వడమూ కుదరవని నియమం ఉన్నా, బంధువుల దగ్గర తీసుకునేదాన్ని కిరాయి అనరు, డీజిల్ ఖర్చు అంటారు. పెట్రోలు బండి అయినా సరే. వరుడు, వరుడి ఇద్దరు బావలు, ఒక మేనత్త, ఒడిలో కొబ్బరికాయల సంచి. స్పీడ్ బ్రేకర్ మీద వెనక నుంచి టక్. మేనత్త ఉలిక్కిపడితే సేటు వెనక్కి తిరగకుండానే అభయమిస్తాడు: ‘ఏం గాదు అత్తా, పాత బండ్లకు ప్రాణం ఉంటది.’ బ్యాండువాళ్ల పాటలో తర్వాతి టక్ కలిసిపోతుంది. 

అన్ని బండ్లకూ ఇదే రాత అనను. టక్ మరీ పెద్దదై, ఓ రాత్రి వెనక చక్రం మడ్‌గార్డును తాకేసరికి జ్ఞానోదయమైన సేటులూ ఉంటారు. అలాంటి ఒకాయన బండిని పనితనం తెలిసిన మేస్త్రీకి అప్పగించాడనుకుందాం. మేస్త్రీ రెండు పక్కలా తుప్పంతా కోశాడు, కొలత తప్పకుండా కొత్త రేకు వంచి అతికాడు, కన్నాలు తొలిచాడు, కొత్త బుష్‌లు వేశాడు, బండిని దించి బరువు పడ్డాక బిగించాడు. గుంతల మీద తిప్పి చూపించాడు. చప్పుడు లేదు. చేతులు తుడుచుకుని బిల్లు పుస్తకం తీశాడు.

‘సేటూ, చాసీ గోసి వెల్డింగ్ జేసినమని రాస్తున్న.’

సేటు అదిరిపడి అటూ ఇటూ చూశాడు. ‘పిచ్చి లేసిందా నీకు? వీఏ నంబరుకు దరఖాస్తు పెట్టుకున్న. ఆ కాగితం ఆఫీసోళ్ల కంట బడ్డదంటే ఒరిజినల్ కాదని కొట్టేస్తరు.’

‘మరి ఏం రాయమంటవు?’

‘వాటర్ సర్వీసింగ్ అని రాయి.’

‘నీళ్లు కొట్టినందుకు ఇంత బిల్లా అని అడిగితే?’

‘పాత బండి గదా, మురికి మస్తుండె అని చెప్త.’